పేరు తెలియని ఎయిర్ ప్లాంట్ ఏ జాతిదో తేల్చుకోవడం ఎలా: మొదలు నుంచి పువ్వు దాకా

మన దగ్గర అమ్మే ఎయిర్ ప్లాంట్లు చాలావరకు పేరు లేకుండానే చేతికొస్తాయి. చీటీ ఉన్నా దాని మీద 'ఎయిర్ ప్లాంట్' అనో, 'టిల్లాండ్సియా మిక్స్' అనో ఉంటుంది. పూర్తి పేరు రాసి ఉన్నా వెంటనే నమ్మకూడదు. ఈ వ్యాపారంలో కొన్ని జాతులు దశాబ్దాలుగా వేరే జాతి పేరుతోనే అమ్ముడవుతున్నాయి.

పేరు దేనికంటే, మొక్క బతకడానికి. టిల్లాండ్సియా టెక్టోరమ్ పెరూ, ఈక్వడార్ కొండల్లో ఎండిన రాళ్ల మీద పెరుగుతుంది. దాన్ని వారానికోసారి అరగంట నానబెడితే కుళ్లిపోతుంది. టిల్లాండ్సియా బట్జీ మెక్సికో నుంచి పనామా దాకా మంచు పట్టే తేమ అడవుల మొక్క. దాన్ని టెక్టోరమ్ పక్కన పెట్టి అలాగే నీళ్లు చిలకరిస్తే ఎండిపోతుంది. రెండింటినీ పక్కపక్కనే ఒకే బుట్టలో పెట్టి అమ్ముతారు.

టిల్లాండ్సియా ప్రజాతిలో 600కు పైగా జాతులున్నాయి. అన్నీ అమెరికా ఖండాలవే: అమెరికా సంయుక్త రాష్ట్రాల దక్షిణ భాగం నుంచి అర్జెంటీనా, చిలీ దాకా. భారతదేశంలో సహజంగా పెరిగేది ఒక్కటీ లేదు. కాబట్టి మన ప్రాంతపు వృక్షజాలం పుస్తకాలు ఈ పనికి అక్కరకు రావు. ఈ మొక్కలది బ్రొమీలియేసి కుటుంబం, అందులో మనకు బాగా తెలిసిన మొక్క అనాస ఒక్కటే.

ఆకు రంగు, పొడవు, వంకర తిరిగే తీరు వెలుతురును బట్టి, నీళ్లను బట్టి మారిపోతాయి. అంతగా మారనివి మూడు: మొదలు ఆకారం, ఆకు మీది పొలుసులు, పువ్వు. ఈ మూడింటినీ వరసగా చూసుకుంటూ పోవాలి. ఆధారం ఎంతవరకు దొరికితే పేరు అంతవరకే పెట్టాలి.

కావలసిన సామాను

కంసాలులు, గడియారాలు బాగుచేసేవాళ్లు వాడే 10 రెట్ల లెన్స్ ఒకటి. మిల్లీమీటర్లు స్పష్టంగా కనిపించే స్కేలు, మెత్తని బ్రష్, కొత్త బ్లేడు, పారదర్శకమైన టేపు, ఒక నల్ల కాగితం, నోట్‌బుక్. ఫోన్ కెమెరా ఎలాగూ ఉంటుంది. ఫొటో తీసే ప్రతిసారీ మొక్క పక్కన స్కేలు పెట్టండి. స్కేలు లేని ఫొటో చూసి 6 సెంటీమీటర్ల మొక్కను 20 సెంటీమీటర్ల మొక్కగా పొరబడటం చాలా మామూలు.

1. అసలు టిల్లాండ్సియానేనా?

ఇంగ్లిషు తోట పుస్తకాల్లో 'ఎయిర్ ప్లాంట్' అనే పేరు మన రణపాలకు కూడా ఉంది. మందపాటి ఆకు అంచుల గాట్లలోంచి పిల్ల మొక్కలు వస్తుంటే అది రణపాల; ఈ మార్గదర్శికి దానితో పని లేదు. చెట్ల మీద బతికే వాండా లాంటి ఆర్కిడ్లను కూడా కొందరు ఇదే పేరుతో అమ్ముతారు. ఆర్కిడ్ వేళ్లు లావుగా, తెల్లటి మెత్తని పొరతో ఉండి నీళ్లు తాగుతాయి. టిల్లాండ్సియా వేళ్లు సన్నగా, గట్టిగా, తీగ ముక్కల్లా ఉంటాయి. అవి ప్రధానంగా పట్టుకోవడానికే. నీళ్లు తాగే పని ఆకులదే. మామిడి చెట్టు మీద బదనిక కొమ్మలోకి చొచ్చుకుపోయి రసం పీలుస్తుంది. టిల్లాండ్సియా ఆ పని చేయదు, ఆధారం కోసం మాత్రమే చెట్టును పట్టుకుంటుంది.

కాటోప్సిస్ అనే దగ్గరి బంధువు కూడా అప్పుడప్పుడు కలిసి వస్తుంది. దాని ఆకులు నున్నగా, పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉంటాయి. వేలితో రాస్తే సుద్దలాంటి తెల్లపొడి అంటుకుంటుంది. మధ్యలో నీళ్లు నిలిచే గిన్నె ఉంటుంది.

కుండీలో మట్టితో సహా అమ్మే, గులాబీరంగు చదునైన పూగుత్తిలోంచి ఊదా పూలు విచ్చే మొక్కను అందరూ టిల్లాండ్సియా సయానియా అంటారు. 2016లో జరిగిన పునర్వర్గీకరణ తర్వాత దాని పేరు వాలిసియా సయానియా. పాత పేరుతో వెతికినా దొరుకుతుంది, కానీ చీటీ మీద కొత్త పేరు కూడా రాసుకోండి.

2. మొక్కను అసలు రూపానికి తేవాలి

ఈ అడుగు దాటేసి నేరుగా ఫొటోలతో పోల్చడం మొదలుపెడితే సగం తప్పులు ఇక్కడే జరిగిపోతాయి.

మొదట రంగు. నీలం, ముదురు గులాబీ, బంగారు రంగుల్లో దొరికే ఎయిర్ ప్లాంట్లకు పెయింట్ వేసి ఉంటుంది. తడి దూదితో ఒక ఆకు కొన తుడిచి చూడండి. రంగు దూదికి అంటినా, నడిమి కొత్త ఆకులు వేరే రంగులో వస్తున్నా అది పూసిన రంగే. పెయింట్ కింద పొలుసులు కనిపించవు. కొత్త ఆకులు నాలుగైదు వచ్చేదాకా ఆగి, వాటినే చూడాలి.

తర్వాత ఉప్పు పేరుకోవడం. హైదరాబాద్ బోరు నీళ్లు కొన్ని నెలలు పోస్తే ఆకుల మీద తెల్లటి సున్నపు పొర కడుతుంది. దాన్ని చూసి ఆకుపచ్చ జాతిని వెండిరంగు జాతిగా అనుకుంటాం. తేల్చుకోవడం తేలిక: ఆకు మీద ఒక నీటి చుక్క వేసి పది సెకన్లు ఆగండి. పొలుసులైతే నీళ్లు పీల్చుకుని పారదర్శకమై, ఆ చోటు ఆకుపచ్చగా మారుతుంది. సున్నమైతే తడిసినా తెల్లగానే ఉంటుంది. సున్నం వదిలించాలంటే లీటరు వాన నీటిలో ఒక టీస్పూను తెల్ల వెనిగర్ కలిపి, ఆ ఆకును పదినిమిషాలు ముంచి, మళ్లీ మంచి నీటితో కడిగేయండి. ఆర్‌ఓ యంత్రం బయటికి వదిలే వ్యర్థ నీరు మాత్రం వాడొద్దు. లవణాలన్నీ అందులోనే ఉంటాయి.

ఇక నీటి కొరత. దాహంతో ఉన్న ఆకు అంచులు లోపలికి చుట్టుకుని, సన్నగా, సూదిలా కనిపిస్తుంది. మే నెలలో తెలంగాణ ఎండల్లో ఉన్న మొక్క, విశాఖ తీరపు తేమలో ఉన్న అదే జాతి మొక్క వేర్వేరు జాతుల్లా ఉంటాయి. మొక్కను వాన నీటిలో 20 నిమిషాలు ముంచి, తలకిందులుగా దులిపి, గాలి తగిలే చోట నాలుగు గంటల్లో ఆరేలా పెట్టండి. వారానికి రెండుసార్లు చొప్పున మూడు వారాలు ఇలా చేశాక కొలతలు తీయండి. దూదిలాంటి తెల్లటి నూగు ఉన్నవాటిని ముంచొద్దు, తేలిగ్గా చిలకరించండి చాలు.

రాగి తగలనివ్వకండి. రాగి బిందెలో నిలవ ఉంచిన నీళ్లు, రాగి తీగతో కట్టడం, బోర్డో మిశ్రమం, కాపర్ ఆక్సీక్లోరైడ్ మందులు ఈ కుటుంబం మొక్కలకు విషం. గుర్తింపు పూర్తవ్వాలంటే మొక్క పూసేదాకా బతకాలి కదా.

3. పొలుసులు చూడటం

టిల్లాండ్సియా ఆకు మీది తెల్లదనం వెంట్రుకలది కాదు. ఒక్కొక్కటీ చిన్న గొడుగులాంటి పొలుసు: నడుమ కణాల పళ్లెం, చుట్టూ పలుచని రెక్క. నీళ్లను పీల్చుకునేది ఇదే. లెన్స్‌ను కంటికి ఆనించి, ఆకును లెన్స్ దగ్గరికి తెచ్చి చూడండి. వెలుతురు పక్కనుంచి పడాలి. చూడవలసింది ఆ రెక్క ఆకుకు అంటుకుపోయి ఉందా, పైకి లేచి నిలబడి ఉందా అనేది.

అంటుకుపోయి, చిన్నవిగా ఉంటే ఆకు నున్నగా, ఆకుపచ్చగా కనిపిస్తుంది: బల్బోసా, బట్జీ, బ్రాకికాలోస్ (ఇక్కడి నుంచి జాతి పేరు ఒక్కటే రాస్తున్నాను, ముందు టిల్లాండ్సియా కలుపుకోండి). అంటుకుని ఉన్నా దట్టంగా ఉంటే బూడిదరంగు: జిరోగ్రాఫికా, కాపుట్-మెడుసే, హారిసీ. పైకి లేచి మొరటుగా, నూగులా కనిపిస్తే టెక్టోరమ్, ప్రూయినోసా, ప్లూమోసా లాంటివి. టేపును ఆకు అడుగుభాగం మీద సున్నితంగా అద్ది, తీసి నల్ల కాగితం మీద అతికిస్తే కొన్ని పొలుసులు ఊడివస్తాయి. వాటిని తీరిగ్గా చూడొచ్చు, ఫొటో కూడా తీయొచ్చు. పాత, ఎండబోయే ఆకు మీదే ఈ పని చేయండి. పొలుసులు పోయిన చోట మళ్లీ రావు.

4. మొదలు, కాండం, ఆకుల అమరిక

మొక్కను పక్కకు వంచి, మొదలును కంటి ఎత్తులో పెట్టి చూడండి. నోట్‌బుక్‌లో ఇవి రాయండి: మొక్క ఎత్తు, వెడల్పు; మొదలు వెడల్పు; ఆకుల సంఖ్య; అన్నింటికన్నా పొడవైన ఆకు పొడవు, దాని నడిమి వెడల్పు; ఆకు కాండాన్ని హత్తుకునే తొడుగు వెడల్పు, రంగు. తొడుగుకూ ఆకుకూ మధ్య స్పష్టమైన గీత ఉందా, లేక ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోయిందా అన్నది కూడా రాసుకోవాలి.

కాండం పొడుగ్గా సాగి, దాని వెంట ఆకులు పేర్చినట్టు ఉన్నాయా? అయితే ఫుంకియానా, ఆల్బిడా, డురాటీ, ఏరాంథోస్, బెర్గెరి వైపు వెళ్లాలి. డురాటీ ఆకుల కొనలు చుట్టుకుని కొమ్మను పట్టుకుంటాయి. ఆ అలవాటు కనబడితే మిగతావి పక్కన పెట్టేయొచ్చు. ఆకులు చుట్టూ మెలికగా వస్తున్నాయా, రెండు వరుసల్లో ఎదురెదురుగానా, అన్నీ ఒక పక్కకే వాలుతున్నాయా అన్నది కూడా చూడండి. కిటికీ పక్కన పెట్టిన మొక్క వెలుతురు వైపు వంగుతుంది కాబట్టి, ఒక పక్కకు వాలుతోంది అని రాసే ముందు మొక్కను తిప్పిపెట్టి నెల రోజులు చూడండి.

పిలకలు ఎక్కడ వస్తున్నాయో కూడా ఆధారమే. చాలా జాతులకు మొదట్లో, ఆకుల సందుల్లో వస్తాయి. సెకుండా, సోమ్నియన్స్, ఇంటర్మీడియా లాంటి కొన్నింటికి మాత్రం పూకాడ మీద వస్తాయి.

5. ఏ గుంపు?

*ఉబ్బిన మొదలు ఉన్నవి.* ఆకు తొడుగులు ఒకదాని మీద ఒకటి ఉబ్బి గడ్డలా కనిపిస్తాయి. తొడుగుల మధ్య ఖాళీ ఉంటుంది. సొంత అడవుల్లో చీమలు అందులో కాపురం పెడతాయి. ఎక్కువ గందరగోళం ఈ గుంపులోనే కాబట్టి ఇక్కడ ఓపిగ్గా ఉండాలి.

గడ్డ నున్నగా, ఆకుపచ్చగా ఉండి, ఆకులు గొట్టాల్లా చుట్టుకుని మెలికలు తిరిగితే బల్బోసా. అదే గడ్డ మీద, ఆకుల కింది భాగం మీద ముదురు గోధుమ, ఊదా మచ్చలు దట్టంగా ఉంటే బట్జీ. మచ్చలు వెలుతురుతో వచ్చిపోయేవి కావు, కాబట్టి ఈ తేడాను నమ్మొచ్చు. బూడిదరంగు, మందపాటి ఆకులు, గడ్డ నుంచి వెడల్పుగా మొదలై కొనకు సన్నబడుతూ బయటికి మెలి తిరిగితే కాపుట్-మెడుసే. పొలుసులు మొరటుగా లేచి, మొక్క మొత్తం మంచు పట్టినట్టు ఉంటే ప్రూయినోసా. గడ్డ బాగా లావుగా, కోడిగుడ్డు ఆకారంలో, ముఖమల్‌లా మెత్తటి పొలుసులతో ఉంటే సెలెరియానా. ఆకులు వెడల్పుగా, రిబ్బన్‌లా ఉంగరాలు తిరిగితే స్ట్రెప్టోఫిల్లా. దీన్ని జిరోగ్రాఫికా అని అమ్మడం తరచూ జరిగేదే. జిరోగ్రాఫికాకు ఉబ్బిన గడ్డ ఉండదు. ఆకుల మొదళ్లు వెడల్పుగా, చదునుగా పరుచుకుని ఉంటాయి.

ఇప్పుడు ఒక చిక్కుముడి దగ్గరగా చూద్దాం. చేతిలోని మొక్క 18 సెంటీమీటర్ల ఎత్తు, సన్నని గడ్డ, మెలి తిరిగిన గొట్టం ఆకులు, చీటీ మీద 'బెయిలీ'. మచ్చలు లేవు కనుక బట్జీ కాదు. పొలుసులు ఉన్నా లేచి లేవు కనుక ప్రూయినోసా కాదు. మిగిలింది బెయిలీ, సూడోబెయిలీ. లెన్స్ కింద ఆకు నడిమి భాగాన్ని అడ్డంగా తిప్పుతూ చూడండి. పొడుగునా ఉబ్బెత్తు గీతలు స్పష్టంగా తేలి, ఆకు గట్టిగా, వంచితే తిరిగి నిక్కుతుంటే అది సూడోబెయిలీ. ఆకు మెత్తగా, బూడిద పొలుసులతో, గీతలు అంత తేలకుండా ఉంటే బెయిలీ. బెయిలీ పేరుతో అమ్ముడయ్యేవాటిలో సూడోబెయిలీలు చాలా ఉంటాయి, కాబట్టి చీటీని పక్కన పెట్టి గీతలనే నమ్మండి.

*సూదుల్లాంటి ఆకులున్నవి.* ఇక్కడ మొదట తేల్చాల్సింది కాండం ఉందా లేదా. పొడవు కాండం, చుట్టూ పొట్టి సూది ఆకులు ఉంటే వెనిజులా మొక్క ఫుంకియానా. కాండం లేకుండా, గుండ్రటి బంతిలా అన్ని వైపులా సన్నని వెండిరంగు ఆకులు ఉంటే ఫుక్సీ కావచ్చు. దీన్నే ఏళ్లుగా 'అర్జెంటియా' అని అమ్ముతున్నారు. అసలు అర్జెంటియా కరీబియన్ దీవుల మొక్క, వ్యాపారంలో అరుదు. ఆకులు పచ్చగా ఉండి మొదలు గోధుమరంగుకు తిరిగితే ఫిలిఫోలియా. 30 సెంటీమీటర్లు దాటి రెల్లులా నిటారుగా నిలిస్తే జుంకియా. మాగ్నూసియానా, ప్లూమోసా రెండూ తెల్లగా, మెత్తగా ఉండి ఆకులతో విడదీయడం కష్టం. పూస్తే ఒక్క చూపులో తేలిపోతుంది: మాగ్నూసియానా పువ్వు ఊదా, ప్లూమోసా పువ్వు ఆకుపచ్చ.

*చిన్న గుత్తులు.* 5 నుంచి 8 సెంటీమీటర్ల గుత్తి, పూతకు ముందు నడిమి ఆకులు ఎర్రబారి, కాడ లేకుండా నడుమ నుంచే ఊదా గొట్టం పూలు వస్తే అయొనాంథా. మన మార్కెట్లో అన్నింటికన్నా ఎక్కువ దొరికేది ఇదే. ఆకులు ఒక పక్కకు వాలి, పువ్వు పొట్టి కాడ మీద వచ్చి, ఎరుపు పెద్దగా లేకపోతే కోల్బీ. దీన్ని 'అయొనాంథా స్కాపోసా' పేరుతో అమ్ముతారు. ఆకులు పొడవుగా, పలుచగా ఉండి మొక్క అంతా ఎర్రబారితే బ్రాకికాలోస్‌ను పరిశీలించండి.

*వేలాడేవి.* ఉస్నియోయిడిస్, అంటే స్పానిష్ మాస్, పోగులు పోగులుగా కిందికి జారుతుంది, ఎదిగాక వేళ్లే ఉండవు. పువ్వు చిన్నది, పసుపు కలిసిన ఆకుపచ్చ, రాత్రిపూట వాసన. రికర్వాటా మాత్రం వేలాడకుండా బంతిలా ముడుచుకుంటుంది, సన్నని కాడ కొసన చిన్న ఊదా పూలు.

*వెడల్పాటి బూడిదరంగు ఆకులు.* గడ్డ లేదు, వ్యాసం 20 సెంటీమీటర్లకు పైన, ఆకులు కిందికి చుట్టుకుంటాయి: జిరోగ్రాఫికా. ఇదీ, గ్వాటెమాలా మొక్క హారిసీ రెండూ, ప్రమాదంలో ఉన్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. విదేశాల నుంచి తెప్పిస్తే సైటీస్ అనుమతి, మొక్కల ఆరోగ్య ధృవపత్రం ఉండాలి. నర్సరీలో పెంచిన మొక్కకు ఈ కాగితాలు దొరుకుతాయి.

6. పువ్వు విప్పి చూడటం

జాతిని ఖాయం చేసేది పువ్వే. టిల్లాండ్సియా ఒక గుత్తి తన జీవితంలో ఒక్కసారే పూస్తుంది, తర్వాత పిలకలు వేసి మెల్లగా చనిపోతుంది. ఆ ఒక్క అవకాశాన్ని వదులుకోకూడదు. పూగుత్తి రంగు వారాల పాటు నిలిచినా, అందులో ఒక్కో పువ్వు ఒకటి నుంచి మూడు రోజులే ఉంటుంది. మొగ్గ కనిపించిన రోజు నుంచి రోజూ ఉదయం చూడండి.

పువ్వు అని మనం అనుకునే గులాబీ, ఎరుపు భాగం చాలాసార్లు పువ్వు కాదు, పూల కింద ఉండే పుచ్ఛాలు. అసలు పువ్వులో మూడు రక్షకపత్రాలు, మూడు ఆకర్షణపత్రాలు, ఆరు కేసరాలు ఉంటాయి. ముందు కోయకుండా ఫొటోలు: పై నుంచి, పక్క నుంచి, పువ్వు నోటిలోకి. తర్వాత ఒక తాజా పువ్వును మొదటి నుంచి తెంపి, పుచ్ఛం తీసి పక్కన పెట్టండి. పుచ్ఛం రక్షకపత్రాల కన్నా పొడవా పొట్టా, దాని మీద పొలుసులున్నాయా లేక నున్నగా ఉందా రాయండి. రక్షకపత్రాలు మొదట్లో ఒకదానితో ఒకటి కలిసి ఉన్నాయా విడిగా ఉన్నాయా చూడండి. ఆకర్షణపత్రం పొడవు మిల్లీమీటర్లలో కొలవండి. ఇప్పుడు బ్లేడుతో పువ్వును నిలువునా చీల్చి నల్ల కాగితం మీద పరవండి.

అమెరికా వృక్షశాస్త్రవేత్త లైమన్ స్మిత్ ఈ ప్రజాతిని ఉపప్రజాతులుగా విడదీసింది ప్రధానంగా ఈ లోపలి అమరికతోనే. డీఎన్ఏ అధ్యయనాలు ఆ విభజనను కొంత మార్చినా, చేతిలో ఉన్న మొక్కను గుర్తుపట్టడానికి ఇది ఇప్పటికీ పనికొస్తుంది.

ఆకర్షణపత్రాలు గొట్టంలా నిటారుగా ఉండి, కేసరాలు, కీలం (అండాశయం మీద నిలిచే సన్నని కాడ) ఆ గొట్టం దాటి బయటికి పొడుచుకొస్తే టిల్లాండ్సియా ఉపప్రజాతి. అయొనాంథా, బల్బోసా, బట్జీ, కాపుట్-మెడుసే, స్ట్రెప్టోఫిల్లా, జిరోగ్రాఫికా, ఫుక్సీ ఇందులోవే. ఎక్కువగా మెక్సికో, మధ్య అమెరికా మొక్కలు.

కేసరాలు లోపలే ఉండి, కీలం సన్నగా పొడుగ్గా ఉండి, కేసర దండాలు అక్కడక్కడ ముడతలుపడి మడత పడినట్టు కనిపిస్తే ఆనోప్లోఫైటమ్. ఆ మడత లెన్స్ కింద స్పష్టంగా తెలుస్తుంది. స్ట్రిక్టా, ఏరాంథోస్, బెర్గెరి, టెన్యుయిఫోలియా ఇక్కడివి, ఎక్కువగా దక్షిణ అమెరికావి.

కేసరాలు లోతుగా అడుగున, కీలం పొట్టిగా లావుగా ఉంటే రెండు దారులు. ఆకర్షణపత్రాల పైభాగం వెడల్పుగా విచ్చుకుంటే ఫైటారైజా: డురాటీ, పర్‌ప్యూరియా, పాత లెక్క ప్రకారం సయానియా. సువాసన ఉన్నవి ఇందులో చాలా ఉన్నాయి, కాబట్టి ఉదయం, సాయంత్రం రెండుసార్లూ వాసన చూడండి. ఆకర్షణపత్రాలు సన్నగా, మొక్క చిన్నదిగా ఉంటే డయాఫొరాంథీమా: ఉస్నియోయిడిస్, రికర్వాటా.

ఏరాంథోస్, బెర్గెరి చిక్కు కూడా ఇక్కడే తీరుతుంది. పూయనప్పుడు రెండూ గట్టి ఆకులతో, సాగిన కాండంతో ఒకేలా ఉంటాయి. ఏరాంథోస్ ఆకర్షణపత్రాలు ముదురు నీలం, పుచ్ఛాలు ఎర్రటి గులాబీ. బెర్గెరివి లేత నీలం, పొడవైనవి, విచ్చుకున్నాక మెలితిరుగుతాయి. రెండింటి లక్షణాలూ కలిసి కనిపిస్తే ఆశ్చర్యం లేదు. ఈ రెంటి సంకరాలు చాలా తిరుగుతున్నాయి. స్ట్రిక్టా ఆకులు వీటికన్నా మెత్తన, పూగుత్తి కిందికి వంగుతుంది, వెడల్పాటి గులాబీ పుచ్ఛాల సందుల్లోంచి చిన్న నీలి పూలు తొంగిచూస్తాయి.

చీల్చిన పువ్వును పారేయకండి. కాగితాల మధ్య అదిమి ఆరబెట్టి, తేదీ వేసి దాచండి. రంగు పోతుంది కాబట్టి ఫొటో కూడా జతచేయండి.

7. పూయకపోతే

ఎదిగిన మొక్కయితే ఎథిలీన్‌తో, అంటే మాగే పండ్లు వదిలే వాయువుతో, పూయించవచ్చు. అనాస రైతులు తోటంతా ఒకేసారి పూయడానికి ఎథిఫాన్ పిచికారీ చేసేది ఈ సూత్రంతోనే. ఇంట్లో ఆ మందు అక్కర్లేదు. పూర్తిగా ఆరిన మొక్కను, బాగా మాగిన ఒక ఆపిల్‌ను పారదర్శకమైన సంచిలో పెట్టి, మూతి వదులుగా కట్టి, ఎండ తగలని వెలుతురులో నాలుగైదు రోజులు ఉంచి తీసేయండి. ఫలితం కనిపించడానికి నెలన్నర నుంచి మూడు నెలలు పట్టొచ్చు. మొక్క తడిగా ఉంటే సంచిలోనే కుళ్లుతుంది.

చిన్న మొక్కతో ఈ పని చేస్తే పూగుత్తి మరుగుజ్జుగా, కొమ్మలు లేకుండా వస్తుంది. దాన్ని చూసి 'ఒకే కంకి ఉంది' అని రాసుకుంటే తప్పు జాతికి చేరతారు. అందుకని పిలకలు వేసే వయసు వచ్చినవాటికే ఇది చేయాలి. తొందర లేకపోతే అసలు చేయకపోవడమే మేలు.

8. ఎక్కడి నుంచి వచ్చింది?

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఇది అన్నింటికన్నా పెద్ద ఆధారం. టెక్సాస్‌లో చెట్ల మీద సహజంగా పెరిగే టిల్లాండ్సియాలు మూడే: ఉస్నియోయిడిస్, రికర్వాటా, రాష్ట్రం దక్షిణపు కొసన బెయిలీ. అంటే ఆస్టిన్‌లో ఓక్ కొమ్మ మీద బూడిదరంగు బంతి కనిపిస్తే 600 జాతులు వెతకనక్కర్లేదు, అది రికర్వాటా. ఫ్లోరిడాలో జాతులు ఎక్కువ. అక్కడ ఫాసికులాటా, యూట్రికులాటా రాష్ట్ర రక్షణలో ఉన్నాయి, ఫొటో తీసుకోవచ్చు కానీ చెట్టు మీంచి తీయకూడదు.

ఇక్కడ నర్సరీలో కొన్నదైతే ఊరు పేరుతో లాభం లేదు. కడియంలో కొన్నా, హైదరాబాద్‌లో కొన్నా మొక్క వెనక ఏ దేశపు నర్సరీ ఉందో తెలియాలి. అమ్మినవాళ్లను అడగండి, ఏ దేశం నుంచి వచ్చింది, విత్తనంతో పెంచిందా పిలకతోనా అని తెలిస్తే రాసుకోండి.

9. పోల్చి చూడటం

ఫోన్ యాప్‌లు ఈ మొక్కల కుటుంబాన్ని చెప్పగలవు, జాతి దగ్గర పదేపదే తప్పుతాయి. అమ్మకం ఫొటోల కింది పేర్లలోనూ తప్పులు ఎక్కువ. యాప్ చెప్పిన పేరును ఒక అనుమానంగా మాత్రమే తీసుకోండి. ఇప్పుడు చెల్లుబాటయ్యే పేరు ఏదో, అది ఏ దేశాలదో ఇంగ్లండ్‌లోని క్యూ ఉద్యానవనం వాళ్ల 'ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్ ఆన్‌లైన్'లో చూడండి. మీ నోట్‌బుక్‌లోని కొలతలను జాతి వర్ణనతో ఒక్కొక్కటిగా సరిపోల్చండి. సరిపోయినవాటికన్నా సరిపోని వాటి మీదే దృష్టి పెట్టాలి: ఆకు కొలత కొంచెం అటూ ఇటూ అయితే ఫరవాలేదు, కేసరాలు లోపల ఉండాల్సినవి బయట ఉంటే ఆ పేరు కొట్టేయండి.

పువ్వు ఒక జాతిలా, గడ్డ ఇంకో జాతిలా ఉంటే సంకరం అయ్యే అవకాశం ఎక్కువ. నర్సరీల్లో సంకరాలు బోలెడు. చూసి మాతృజాతులను ఖాయంగా చెప్పడం కుదరదు, 'సంకరం, మాతృజాతులు తెలియవు' అని రాయడమే నిజాయతీ. రకం పేర్ల విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. 'ఫ్యూగో', 'డ్రూయిడ్' లాంటివి ఫలానా మొక్క సంతతికి పెట్టిన పేర్లు. వాటిని నమోదు చేసేది అంతర్జాతీయ బ్రొమీలియాడ్ సొసైటీ. మీ అయొనాంథా ఎంత ఎర్రగా ఉన్నా, చీటీతో రాకపోతే దాన్ని ఫ్యూగో అనకూడదు.

10. చీటీ రాయడం

అల్యూమినియం రేకు ముక్క మీద గానీ ప్లాస్టిక్ పట్టీ మీద గానీ పెన్సిల్‌తో రాయండి. స్కెచ్ పెన్ రాత మన ఎండకు ఒక్క వేసవిలో చెరిగిపోతుంది. రాగి రేకు వద్దు. చీటీ మీద పేరు, ఎక్కడ ఎప్పుడు కొన్నది, ఎవరు ఏ ఆధారంతో గుర్తించారు, ఏ తేదీన అన్నవి ఉండాలి. 'పువ్వు చూశాక' అనో, 'ఆకులు మాత్రమే చూసి' అనో ఒక ముక్క తప్పనిసరి.

పేరు ఖాయం కాకపోతే దానికీ పద్ధతి ఉంది. ప్రజాతి మాత్రమే తెలిస్తే 'టిల్లాండ్సియా ఎస్‌పీ.' అనండి. బహుశా ఫలానా జాతే, ఇంకా ధ్రువపడాలి అనుకుంటే 'టిల్లాండ్సియా సీఎఫ్. సూడోబెయిలీ'. ఆ జాతికి దగ్గరగా ఉంది కానీ స్పష్టమైన తేడా కనిపిస్తోంది అంటే 'అఫ్.' వాడతారు. అమ్మినవాళ్లు పెట్టిన పాత పేరు తప్పని తేలినా కొట్టేయకుండా చీటీ వెనక రాసి ఉంచండి. అదే పేరుతో కొన్న ఇంకొకరి మొక్కను పోల్చుకోవడానికి అది పనికొస్తుంది. పిలకను ఎవరికైనా ఇస్తే చీటీ నకలు కూడా ఇవ్వండి.

ఎస్‌పీ. దగ్గరే ఆగిపోయినా నీళ్ల సంగతి తేల్చుకోవచ్చు. పొలుసులు లేచి తెల్లగా ఉన్నవాటికి వారానికి రెండుమూడు సార్లు చిలకరింపు, గట్టి వెలుతురు. నున్నటి ఆకుపచ్చవాటికి వారానికి రెండుసార్లు 20 నిమిషాల ముంపు, నీడ కలిసిన వెలుతురు. ఉబ్బిన గడ్డ ఉన్నవాటిని ముంచాక తప్పకుండా తలకిందులుగా ఆరబెట్టాలి, లేకపోతే తొడుగుల్లో నిలిచిన నీళ్లతో గడ్డ లోపలి నుంచి కుళ్లుతుంది.